బండ మీద దిగిన మచ్చ

పొద్దున్నే తాండూరులో ఆ సందంతా భాగమ్మ నలుగుపిండి వాసనే. పెసరపిండి, పసుపు, వేపాకు, మంజిష్ఠ వేరు. కొలత గిన్నెల్లేవు, అంతా వేళ్లదే లెక్క. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ముకు ఒళ్లంతా దద్దుర్లు లేచినవాళ్లు డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తారు. వాకిట్లో నాపరాయి బండ మీద కూర్చోబెట్టి రుద్దుతుంది. దద్దుర్లు బండ మీదికి దిగిపోతాయి. మూడు రోజులు ఎర్రగా ఉండి మాయమవుతాయి. అందాకా జనం వాటిని తొక్కకుండా పక్కనుంచి నడుస్తారు, అంతే.

మనుమరాలు రెబెక్క ఫార్మసీ చదువుతోంది.

"పసుపు వాపు తగ్గిస్తదని లాబుల గూడ తేలింది, నాయనమ్మా."

"నా వేళ్లకు ఎప్పుడో తెల్సు. నీ లాబే జర లేటు."

అదేమిటో గానీ, ఈసారి బండ మీదికి ఒక పాలిపోయిన మచ్చ దిగింది. మూడు రోజులైనా పోలేదు. వారానికి అరచెయ్యంత అయింది. బండంతా చల్లగా ఉన్నా ఆ చోటు మాత్రం మనిషి ఒళ్లులా వెచ్చగా ఉండేది.

భాగమ్మ వచ్చినవాళ్లందరి ఒళ్లూ వెతికింది. డ్యూటీ దిగి రోజూ వచ్చే మల్లప్ప చేత చొక్కా విప్పించింది.

"నాది గాదక్కా. నా మచ్చలన్ని మా ఇంటిదానికి లెక్కే," అన్నాడు మల్లప్ప.

ఆ మధ్యాహ్నం రెబెక్క చీపురుపుల్లతో ఆ మచ్చను గుచ్చి చూసింది.

"మోచేతికి ఎందుకు గుచ్చుతున్నవే?" అంది భాగమ్మ, లోపల పొయ్యి దగ్గర్నుంచి.

రెబెక్క లోపలికి పోయి నాయనమ్మ రవిక చెయ్యి పైకి జరిపింది. ఎడమ మోచేతి వెనక, ఆమె కంటికి ఆనని చోట, అదే మచ్చ. అక్కడ గుచ్చింది. భాగమ్మ గంటె తిప్పుతూనే ఉంది.

"నాయనమ్మా, ఇప్పుడు గుచ్చిన."

గంటె ఆగింది.

"నాకేం తెల్వలే బిడ్డా." వేళ్లు చూసుకుంది. "వీటికి గూడ గిట్లనే అయితదా? మరి నలుగెట్ల పెట్టాలె?"

"ముందుగాల మన నలుగే పెట్టి చూద్దామా?"

"వద్దు. ఇది నా పిండికి లొంగేది గాదు. వికారాబాద్ దవాఖానకు బస్సెక్కుదాం నడు."

"కుష్ఠు," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "మొదట్లనే వచ్చిన్రు. బిళ్లలు ఆపకుండ మింగితే నయమైతది, వేళ్లు నిలుస్తయి. ఎవరు కనిపెట్టిన్రు?"

"మా బండ," అంది భాగమ్మ.

డాక్టరమ్మ చీటీలో అట్లాగే రాసుకుంది.

భాగమ్మ నెలల తరబడి బిళ్లలు మింగింది. ఎవరైనా పొరపాటున బండ మీది మచ్చ తొక్కితే లోపల ఆమె మోచెయ్యి పట్టుకునేది. ఒకనాడు మల్లప్ప చేతిలోంచి వేణ్ణీళ్ల బకెట్ జారి సరిగ్గా దాని మీదే ఒలికింది. అందరూ ఆమె వైపు చూశారు. పక్కనే ఉన్న భాగమ్మ ఈసారి మోచెయ్యి పట్టుకోలేదు. వెచ్చగా ఉండే ఆ చోటు మిగతా బండలాగే చల్లబడి, ఆవిరి కక్కింది.

ఒక చుక్క ఎగిరి ఆమె మోచేతి వెనక పడింది. ఇన్నాళ్లకు అక్కడే చురుక్కుమంది.

భాగమ్మ దాన్ని తుడుచుకోలేదు.