సున్నం బిళ్లలు

మందుల సంచి మంచం మీద బోర్లించేసరికి ఎర్రమ్మకి ఒళ్లు మండిపోయింది. కాల్షియం బిళ్లల అట్ట ఒక్కటీ చిరగలేదు.

నాలుగేళ్ల కిందట తమ్ముడు పోలారావుకి తన కిడ్నీ ఇచ్చింది. అది బాగానే కుదురుకుంది. కానీ పాతవి చెడిపోయిన రోజుల్లోనే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అదుపు తప్పి, కొత్తది వచ్చాక కూడా ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగేస్తూనే ఉన్నాయట. కిందటి వారం విశాఖపట్నంలో మెడ కోసి వాటిని తీశారు. గుల్లబారిన ఎముకలు ఇప్పుడు రక్తంలో ఉన్నదంతా పీల్చేసుకుంటాయి, బిళ్లలు మానొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఈ మహానుభావుడు అన్నిటికీ తలూపి అక్కుపల్లి వచ్చేశాడు.

"ఏట్రా ఇది? ఒక్కటీ మింగనేదేటి?"

"అవి సున్నమప్పా," అన్నాడు పోలారావు గోడకేసి చూస్తూ. "మనూరోళ్ల కిడ్నీలు తినీసింది నీల్లల్లో సున్నమే కదా. మల్లీ అదే మింగమంటే ఎలాగ? ఆపరేసనయ్యాక కిడ్నీ పరీచ్చలో కిరటిన్ పెరిగిందా, నేదా?"

గిన్నెలకి పట్టే తెల్లపొర చూపించి ఊరంతా అనే మాటే అది. రుజువు లేదు, నమ్మనివాళ్లూ లేరు. ఎర్రమ్మ కూడా నమ్ముతుంది, అందుకే ఇంకా చిర్రెత్తింది.

"మొదట్లో కూసింత పెరుగుద్ది, బెంగెట్టుకోకండని డాక్టరు సెప్పనేదేటి? సెవులెక్కడెట్టుకున్నావు?"

"మూతి సుట్టూ తిమ్మిరిగుందప్పా," అంటూండగానే పోలారావు చేతివేళ్లు ముడుచుకుపోయి కొయ్యబారాయి. విప్పబోతే రాలేదు. ఎర్రమ్మ తిట్టడం ఆపకుండానే ఆటో ఎక్కించి పలాస ఆసుపత్రికి తీసుకుపోయింది. నరంలోకి మెల్లగా కాల్షియం ఎక్కించాక గాని వేళ్లు విచ్చుకోలేదు.

"నా పేనం తోడేత్తన్నావురా! సావాలనుందేటి నీకు?"

పోలారావు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నాదైతే సెడితే సెడిందని మింగీసీవోన్ని. నీదప్పా అది. పాడుసేత్తానేమోనని బయం."

ఎర్రమ్మకి ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు మళ్లీ కోపమొచ్చింది. ఇన్నాళ్లూ వీడు దాన్ని పరాయి సొమ్ములా మోస్తున్నాడన్నమాట! బిళ్ల తీసి వాడి నోటి దగ్గర పెట్టింది.

"నాదే కదా? అయితే దాని మంచిసెడ్డలు నాను సూసుకుంతాను. నువ్వు నోరు తెరు."

పోలారావు నోరు తెరిచాడు.