కుచ్చిళ్ళ కింద

ప్రసూనకు ఇంకో పరికిణీ కుడుతున్నాను. ఐదేళ్ళ పిల్లకు పాదాలు మూసేంత పొడుగు. నాకూ మా అమ్మ ఇలాగే కుట్టేది. "అంచు ఇంకా కిందికి దించు, కాళ్ళు కనపడతాండాయి" అంది మా అత్త గుమ్మంలోంచి. మడమలు ఆనించి నిలబడితే నా కూతురి మోకాళ్ళ మధ్య నా పిడికిలి పడుతుంది. నేను ఎత్తుకుని తిప్పినందుకే అలా అయిందట. "నడుముకేసుకోని తిప్పితివి, బిడ్డ కాళ్ళు వంకరపోయె." బిందెలు మోసేటప్పుడు, కళ్ళం ఊడ్చేటప్పుడు మరి మీరు బిడ్డను అందుకున్నారా అని ఒక్కనాడూ అడగలేదు. అడగడానికి నాకు నోరెక్కడిది? పెళ్ళిచూపుల్లో మా అమ్మ నన్ను ముందే చాపమీద కూర్చోబెట్టేసింది. నా నడక చూసి అత్త బాతు అని నవ్వుతుందే గానీ, చీరకింద ఏముందో ఆమెకు తెలియదు. తెలిసింది నా మొగుడు కేశవకే. "ఎవురికీ చెప్పాకు, నగుబాటు" అన్నాడు. ఏడేళ్ళుగా లైటు ఆర్పాకే దగ్గరికొస్తాడు.

ఆ పరికిణీ పూర్తయిన వారమే అంగన్‌వాడీ టీచరు గంగాదేవి పోరి పోరి చీటీ రాసిస్తే, కేశవా నేనూ పిల్లను తీసుకుని బెళుగుప్పలో బస్సెక్కి అనంతపురం ఆసుపత్రికి వెళ్ళాం. ఎక్స్‌రే తీశారు, రక్తం తీశారు. వారం తర్వాత మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళాం. ఈసారి డాక్టరమ్మ ప్రసూన పరికిణీ విప్పించి, బల్లమీద పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య టేపుతో కొలిచి రాసుకుంది.

"ఇది ఎత్తుకుంటే వచ్చేది కాదమ్మా. ఎముకకు కావలసిన ఫాస్ఫరస్ ఒంట్లో తగ్గింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? ఉంటే మందు వేరు."

"మా ఇండ్లలో ఎవురికీ లేదు మేడం" అన్నాడు కేశవ, నావైపు చూడకుండానే.

"అయితే ముందు డి విటమిన్ ఇచ్చి చూద్దాం" అని ఆమె చీటీ రాయసాగింది. ఇప్పుడు ఊరుకుంటే బిడ్డకు తప్పు మందు పడుతుంది.

"ఉండాది మేడం. నాకుండాది."

లేచి నిలబడి, రెండు చేతులా చీర మోకాళ్ళ పైకి ఎత్తాను. పట్టపగలు, ట్యూబులైటు కింద.

"ఏం చేస్తాండావే? దించు! పరువు తీసినావు గదే!" కేశవ విసురుగా బయటికి పోయాడు. పోనీ.

డాక్టరమ్మ వంగి నా మోకాళ్ళ మధ్యా టేపు పెట్టింది. రాసిన చీటీ కొట్టేసి కొత్తది రాసింది. "చిన్నప్పుడే మందు పడుంటే మీవి ఇంతగా వంగేవి కావమ్మా. పాపకింకా టైముంది. రెండేళ్ళప్పుడే తెచ్చుంటే ఇంకా బాగుండేది" అంది.

కాళ్ళు కనపడకుండా ప్రసూనకు నేను మొదటి పరికిణీ కుట్టింది ఆ రెండేళ్ళప్పుడే. మా అమ్మను తిట్టుకోవాలో నన్ను తిట్టుకోవాలో తెలియలేదు. చీర అలాగే పట్టుకుని బావురుమన్నాను.

ప్రసూన బల్లదిగి వచ్చింది. నా మోకాలు తడిమింది. తన మోకాలు తడుముకుంది. దాని మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"మా, నీకూ నా కాళ్ళేనా? నాకొక్కదానికే అనుకున్న్యా."