పీక పెట్టానన్న మాట

టీలో రబ్బరు వాసన వస్తోందని మామగారు గ్లాసు పక్కకు నెట్టేశారు. గొడవ అక్కడ మొదలైంది.

"టీ గిన్నెలో మళ్ళీ పీక మరిగించారా అత్తయ్యా?" అంది కోడలు జడ అల్లుకుంటూనే.

"మరిగిస్తే ఏం? కడిగాను కదా."

"దానికి వేరే గిన్నె పెట్టాను. నీలం మూతది."

"నీలం మూత, ఎర్ర మూత! ఈ గుర్తులన్నీ నాకుండవమ్మా. నేనేం కాలేజీ చదువులు చదవలేదు."

"మూత రంగు చూడ్డానికి కాలేజీ ఎందుకు, కళ్ళు చాలు."

"కళ్ళ సంగతి నీ దుకాణానికొచ్చేవాళ్ళకి చెప్పు. నావి బాగానే ఉన్నాయి."

కోడలి భర్త చెప్పులు తొడుక్కుంటూ నవ్వాడు. "మధ్యలో నా టీ పోయింది" అని వీధిలోకి వెళ్ళిపోయాడు.

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాడికి తల తిరుగుతుంది. పాపకు రెండున్నర నెలలు నిండగానే తిరిగి పనిలో చేరింది. రోజూ మూడు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళేది. మధ్యాహ్నం దుకాణం వెనక, ఫ్రేముల పెట్టెల మధ్య ముక్కాలిపీట మీద కూర్చుని చేతిపంపుతో మర్నాటి పాలు తీసుకునేది. మొదట్లో పాలు సీసా మెడదాకా వచ్చేవి. ఇప్పుడు సగానికి చేరడమే గగనంగా ఉంది.

సాయంత్రం ఆరింటికి పరుగున ఇల్లు చేరేసరికి పాప నిద్రలో ఉండేది.

"ఇప్పుడే పీక పెట్టాను. లేపకు" అనేది అత్తగారు.

కోడలి పుట్టింట్లో పీకంటే పాలసీసా. 'పిల్లకి పీక పెట్టు' అంటే పాలు పట్టమని. వంటింటి గట్టు మీద మూడు సీసాలూ కడిగి బోర్లించి కనిపించేవి. ఇక అనుమానం దేనికి? పాప కడుపు నిండిందనుకుని, బరువెక్కిన రొమ్ములతో స్నానాలగదిలోకి వెళ్ళి ఆ పాలు కూడా సీసాకే పిండేది. రాత్రి భోజనాల వేళకు పాప లేచి, నాలుగు గుక్కలు తాగి, అలసిపోయి మళ్ళీ కళ్ళు మూసేది.

"పాలు లేనట్టున్నాయే నీకు. మీ అమ్మకీ మూడో నెలకే ఆగిపోయాయటగా" అనేది అత్తగారు. జాలిగానే అనేది. ఆ జాలే ముల్లులా దిగేది. ఎవరేం తినమంటే అది తింది, ఎన్ని నీళ్ళు తాగమంటే అన్ని తాగింది. అద్దం ముందు నిలబడి తన ఒంటిని తనే తిట్టుకుంది.

నాలుగో నెలలో అత్తాకోడళ్ళిద్దరూ పాపను టీకాకు తీసుకెళ్ళారు. తూకం చూసిన నర్సుకు ముక్కు మీదికి జారిన కళ్ళజోడుంది. ఒక కాడ వదులైందని కోడలి కన్ను దానంతటదే పసిగట్టింది.

"పోయిన నెల ఎంతుందో ఇప్పుడూ అంతే. పగలు ఎన్నిసార్లు తాగుతోందమ్మా?" అంది నర్సు.

కోడలు లెక్క చెబుతుండగానే పాప గుక్కపెట్టి ఏడ్చింది. అత్తగారు సంచీలోంచి చిన్న డబ్బా తీసి, అందులోని, సీసా లేని ఉత్త రబ్బరు తిత్తిని పాప నోట్లో పెట్టింది. ఏడుపు ఠక్కున ఆగింది.

"ఇదేంటత్తయ్యా?"

"పీక."

"పీకంటే... సీసా కాదా?"

"సీసా సీసాయే, పీక పీకే. దీన్ని ఎరగవా?"

"మరి నేనొచ్చేసరికి రోజూ పెట్టానన్నది?"

"ఇదే. సీసాలు రెండింటికల్లా అయిపోతాయి. తర్వాత ఏడిస్తే ఇది పెడతాను. చప్పరించి చప్పరించి పడుకుంటుంది బంగారుతల్లి. పొద్దున నువ్వు వంటలో ఉన్నప్పుడూ ఇంతే. నేనేమన్నా దాచానా? రోజూ నీకు చెబుతూనే ఉన్నాగా!"

నిజమే. రోజూ చెప్పింది.

నర్సు కళ్ళజోడు పైకి తోసుకుంది. "పీక పెట్టడం తప్పని కాదు పెద్దమ్మా. కడుపు నిండాక నిద్రకు పెట్టుకోవచ్చు. ఆకలికి పెడితేనే చిక్కు. పిల్ల అడగాల్సిన పాలు అడగదు. అడక్కపోతే తల్లికి తగ్గిపోతాయి." తర్వాత కోడలివైపు తిరిగింది. "నీకు పాలు లేక కాదమ్మా. పది రోజులు పిల్లని ఒళ్ళోంచి దించకు, అడిగినప్పుడల్లా పట్టు. చాలామందికి మళ్ళీ పెరుగుతాయి. పదో రోజున తూకానికి తీసుకురా."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడే కోడలు దుకాణం యజమానికి ఫోన్ చేసింది. "పది రోజులా? అన్నాళ్ళు ఆ కుర్చీ ఖాళీగా ఉంచలేనమ్మా. నీ ఇష్టం" అన్నాడాయన మర్యాదగానే.

రాత్రి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ఉయ్యాల్లో పాప గుప్పిలి నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"చివరికి అన్నీ నా పీక మీదికే వస్తాయి" అంది అత్తగారు కూర వడ్డిస్తూ. "నలుగురిని పెంచాను దాంతోనే. ఒక్కడైనా చిక్కిపోయాడా?"

"నన్ను చూసి ఎవరూ అలా అనలేరులే" అని భర్త పొట్ట నిమురుకున్నాడు. "సరే అమ్మా, అయ్యిందేదో అయ్యింది. రేపు డబ్బాపాలు తెచ్చేస్తా. దాని ఉద్యోగం దానికుంటుంది, నీ మాట నీకుంటుంది, పాపకి బరువొస్తుంది."

"అదీ బాగానే ఉంది" అన్నారు మామగారు, కంచంలోంచి తలెత్తకుండా.

నెల రోజులుగా తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి కోడలికి. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ తన చోటనే కూర్చుంది.

"డబ్బా వద్దు. రేపట్నుంచి దుకాణానికి వెళ్ళను. ఆ కుర్చీ ఇంకొకరిదవుతుంది, కానివ్వండి. ఈ పది రోజులూ పాప ఏడిస్తే నేనే తీసుకుంటాను. ఇంకెవరూ ఎత్తుకోవద్దు."

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవరూ అంటే... నేను కూడానా?"

"మీ గురించే చెబుతున్నానత్తయ్యా."