పడమటి ఆట

ప్రతి గురువారం సాయంత్రం అయిదింటికి బ్రిక్ టాలివర్ హంతకుణ్ణి పట్టుకునేవాడు. ఎనిమిదింటికి అదే హంతకుణ్ణి మళ్ళీ పట్టుకునేవాడు. మొదటిది తూర్పు ఆట. న్యూయార్కు వైపు అప్పటికే చీకటిపడి, జనం భోజనాలు ముగించి రేడియో ముందు చేరేవారు. రెండోది పడమటి ఆట, ఇక్కడ కాలిఫోర్నియా వాళ్ళ కోసం. రికార్డు చేసిపెట్టుకుని వేయడమంటే రేడియో కంపెనీ వాళ్ళకి అతిథికి చద్దన్నం వడ్డించినంత నామోషీ. అందుకని నటులు ఒకే రోజు రెండుసార్లు అరిచేవారు, రెండుసార్లు చచ్చేవారు. మధ్యలో ఖాళీ. హాలీవుడ్‌లో కూలిన సంసారాల్లో సగం ఆ ఖాళీలోనే, వీధికి అవతలున్న బారులో కూలాయి.

బ్రిక్ టాలివర్ పాత్రధారి వెండెల్ స్ట్రౌడ్. గొంతు విప్పితే కొండమీంచి బండలు దొర్లినట్టుండేది. మనిషి మాత్రం తన టోపీ కింద తనే దాక్కున్నట్టుండేవాడు. పిల్లి ఎదురైతే రోడ్డు దాటేవాడు. హోటల్లో సూపు చల్లారిపోతే, చల్లారబెట్టినందుకు వడ్డించే అమ్మాయికి తనే క్షమాపణ చెప్పేవాడు.

ఆర్డిస్ కింబల్ ఆయన సెక్రటరీ డాటీగా వేసేది. ఆమె పని ఫోనెత్తి, "టాలివర్ గారి ఆఫీసండీ" అనడం. బ్రిక్ బయల్దేరుతుంటే "జాగ్రత్త బాస్" అనడం. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, ఆయన తలుపు తీసుకుని వెళ్ళడం చూడడం.

ఆ తలుపు గున్నర్‌ది. స్టూడియోలో చప్పుళ్ళన్నీ ఆయన శాఖే. గుర్రం డెక్కలకి కొబ్బరిచిప్పలు, వానకి జల్లెడలో బఠాణీలు, గుద్దులకి క్యాబేజీ. తలుపుకి మాత్రం నిజం తలుపే ఉండేది. చక్రాల చట్రానికి బిగించిన చెక్క తలుపు, గడియా, తాళంతో సహా. ప్రసారం సాగుతున్నంతసేపూ అది కథలో చోటు ఏదైతే ఆ చోటుకి తెరుచుకునేది. కథ రేవులో జరిగితే చేపల కంపు స్టూడియోలోకి కొట్టేది. కథ మెక్సికో వెళ్ళిన వారం అనౌన్సరు నిమ్మకాయలు సంచీ నిండా తెచ్చుకుని, ఒక్కటంటే ఒక్కటి ఎవరికీ ఇవ్వలేదు. ఆ మాట ఇప్పటికీ అంటారు.

నియమం ఒక్కటే. మిసెస్ ట్రూట్ ఆర్గన్ మీద ముగింపు పాట పూర్తిచేసేలోగా ఇవతలికి వచ్చేయాలి. రాకపోతే ఉండిపోవడమే. నిరుడు బారువాడి వేషం వేసినాయన అలాగే ఉండిపోయాడు. విడాకుల నోటీసు ఏ చిరునామాకి పంపాలో తెలియక ఆయన భార్య తరఫు లాయరు ఇంకా బుర్ర గోక్కుంటున్నాడు.

ఆ గురువారం చివరి ఆట. స్పాన్సరు పళ్ళపొడి కంపెనీ టెలివిజనుకి మారిపోయింది. ఆర్డిస్‌కి ఇంకో వేషం దొరకలేదు. ఫ్రెస్నో నుంచి అక్క ఓపల్ రాసింది: "ఎండుద్రాక్ష షెడ్డులో నా పక్కనే నీకో స్టూలు మాట్లాడాను. పొద్దస్తమానం తొడిమలు తీయడమే, మాటలతో పనిలేదు. నీ గొంతుకి విశ్రాంతి." ఓపల్ ఎవరికి మేలు చేసినా ఇంత ఉప్పు కలిపే చేస్తుంది. మర్నాడు పొద్దున్న బస్సు. ఆ బస్సెక్కితే ఇక మిగతా బతుకంతా ఆ స్టూలే అని ఆర్డిస్‌కి తెలుసు. ఎక్కకుండా ఉండడానికి కారణమేదీ కనబడలేదు.

తూర్పు ఆట చివర్లో బ్రిక్ శాన్ పెడ్రో రేవులో వానలోకి నడిచి వెళ్ళిపోవాలి. ఆర్డిస్ "జాగ్రత్త బాస్" అంది. వెండెల్ చదివేసిన కాగితాలు చప్పుడవకుండా కిందకి జారవిడిచి, తలుపు తీసుకుని వెళ్ళాడు. అడుగుల చప్పుడు దూరమైంది. ఆర్గన్ మోగింది. ఆర్గన్ ఆగింది. వెండెల్ రాలేదు.

న్యూయార్కు వాళ్ళకి ఆ ముగింపు ఎంతో నచ్చిందట.

ప్రొడ్యూసరు హాస్కెల్ తలుపు తీసి చూశాడు. అవతల గున్నర్ బఠాణీల డబ్బా, గోడ.

"ఎంత పనిచేశాడు! ఆ టోపీ స్టూడియోది!" అన్నాడు హాస్కెల్.

"పడమటి ఆట సంగతేమిటి?" అన్నాడు గున్నర్.

హాస్కెల్ తల పట్టుకున్నాడు. "డిటెక్టివు లేకుండా అరగంట ఏం వినిపించను? ఈవిడ ఫోనెత్తడమా?"

"నేను వెళ్ళి వెతుకుతానండీ," అంది ఆర్డిస్.

"నువ్వా? నీది కుర్చీ వేషం కదమ్మాయ్."

"ఆ కుర్చీలో కూర్చునే, ఎవరెక్కడికి వెళ్ళారో అడిగిన ప్రతివాడికీ నాలుగేళ్ళుగా చెబుతున్నాను."

వేరే దారి లేక హాస్కెల్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఆ ఆలోచన తనదే అని అందరికీ చెప్పాడు.

ఎనిమిదింటికి పడమటి ఆట మొదలైంది. బ్రిక్ టాలివర్ కనిపించడం లేదని అనౌన్సరు చెప్పాడు. డాటీ బారువాణ్ణి అడిగింది, టాక్సీవాణ్ణి అడిగింది. అవన్నీ తూర్పు ఆటలో బ్రిక్ అడిగిన ప్రశ్నలే. కానీ ఆయన కాలర్ పట్టుకుని అడిగినవి ఆమె "కూర్చోండి, కంగారులేదు" అని అడిగేసరికి, కాగితంలో లేని జవాబులు కూడా చెప్పేశారు. చివరికి తడుస్తాయని కాగితాలు బల్లమీదే పెట్టి, ఆర్డిస్ మొదటిసారి ఆ తలుపు తీసింది. గున్నర్ మైకుని గడప దాకా లాగాడు.

రేవులో సన్నగా వాన పడుతోంది. దీపస్తంభం కింద వెండెల్ నించున్నాడు. ఎత్తు అంతే. నీడ మాత్రం గోదాము గోడంతా పరుచుకుంది. కాళ్ళ దగ్గర ఒక పిల్లి పడుకుంది.

"వస్తావనుకోలేదు డాటీ," అన్నాడు.

"ఆట ఉంది బాస్. అంతా మీకోసం చూస్తున్నారు."

"టెలివిజను వాళ్ళు నన్ను పిలిపించారు తెలుసా? మర్యాదగా కూర్చోబెట్టారు. కాఫీ ఇచ్చారు. టాలివర్ గారు ఎప్పుడొస్తారని నన్నే అడిగారు." వెండెల్ టోపీ సర్దుకున్నాడు. "ఇక్కడ ఎవరూ అడగలేదు."

పిల్లి ఆవులించింది.

"నువ్వూ ఉండిపో. ఆ మూలమీద ఆఫీసుంది. కిటికీ పక్కన నీకో బల్ల వేయించాను."

"బల్లమీద ఏముంది బాస్?"

"ఫోను," అన్నాడు వెండెల్, తప్పు చేసినవాడిలా.

వెనక ఆర్గన్ మొదలైంది. ప్రతివారం బస్సుకోసమని ముగింపు పాటని తరుముకుంటూ వాయించే మిసెస్ ట్రూట్, ఆ పూట ఒక్కో స్వరాన్నీ సాగదీసి, సాగదీసి వాయించింది. ఆర్డిస్ ఆయన కోటు కాలర్ పైకి లేపి సర్దింది. వెనక్కి నడిచింది.

కంట్రోల్ గది అద్దం అవతల హాస్కెల్ ఒక అట్టమీద పెద్దక్షరాలతో రాసి చూపిస్తున్నాడు: "చనిపోయాడని చెప్పు! ఏడు!" ఆర్డిస్ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మైకు ముందు నించుంది.

"బాస్ దొరికాడు," అంది. "బాగానే ఉన్నాడు. రమ్మన్నాను. రానన్నాడు. ఆయనకోసం ఎవరైనా మేలుకుని ఉంటే, ఇక పడుకోవచ్చు."

ప్రసారం ఎర్రదీపం ఆరగానే హాస్కెల్ దూసుకొచ్చాడు. "ముగింపా ఇది? మాడిపోయిన బల్బులా ఉంది!"

"జరిగింది అదేనండీ."

"జరిగింది చెప్పడానికి రేడియో దేనికమ్మాయ్?" అని ఆయన కూడా బారుకి వెళ్ళాడు. బ్రిక్ టాలివర్ ఎప్పుడు తిరిగొస్తాడని తూర్పు వాళ్ళు ఇప్పటికీ ఉత్తరాలు రాస్తారు. పడమటి వాళ్ళు ఒక్కరూ రాయలేదు.

మర్నాడు పొద్దున్న ఆర్డిస్ పెట్టె మోసుకుని మెట్లు దిగుతుంటే, కింద హాల్లో ఫోను మోగింది. అద్దె ఇంటి యజమానురాలు మిసెస్ క్రాండల్ ఎత్తింది. అద్దెకున్నవాళ్ళకి వచ్చే ఫోన్లు ముందు తను విన్నాకే ఇవ్వడం ఆమె అలవాటు. ఈసారి మాత్రం వెంటనే ఇచ్చేసింది.

"ఎవరో ఆడమనిషి. స్టూడియోలో నీ నంబరిచ్చారట."

లాంగ్ బీచ్ నుంచి. గొంతు బొంగురుగా ఉంది. "రాత్రి రేడియోలో బాస్‌ని వెతికినావిడ మీరేనా?"

"నేనేనండీ."

"మా ఆయన ఏడాదిగా లేడు. పోలీసులు పోయాడనుకో అంటారు. పాస్టరు వస్తాడనుకో అంటారు. ఇద్దరూ నన్ను ఓదార్చేవాళ్ళే. డిటెక్టివులు కూడా అంతే, బతికో చచ్చో తెచ్చి అప్పజెబుతామంటారు. దొరికాడు, రానన్నాడు అని చెప్పే మనిషిని నిన్ననే విన్నాను. నాకు తీసుకురానక్కర్లేదు. ఎక్కడున్నాడో చూసి, ఉన్నదున్నట్టు చెబితే చాలు. ఎంతవుతుంది మీకు?"

ఆర్డిస్ గోడకి ఆనుకుంది. వీధి చివర బస్సు హారన్ వినబడింది.

"అది తర్వాత చూద్దాం," అంది. "ఏ తలుపులోంచి వెళ్ళాడండీ?"

ఏడాదిలో ఎవరూ అడగని ప్రశ్న అది.

"వంటింటి తలుపు."

"దాని జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వకండి. వస్తున్నాను."

ఫోను పెట్టేసరికి మిసెస్ క్రాండల్ అప్పటికే ఆర్డిస్ ఖాళీచేసిన పై గదికి 'అద్దెకివ్వబడును' అట్ట పట్టుకుని మెట్ల మీద ఉంది. "అమ్మాయ్, నీ బస్సు వెళ్ళిపోతోంది!"

"పోనివ్వండి," అంది ఆర్డిస్ టోపీ పెట్టుకుంటూ. "ఎలాగూ పైకే వెళ్తున్నారు, ఆ పెట్టె కూడా కాస్త తీసుకెళ్ళండి."