వెల్లుల్లి వాసన

పెద్ద డబ్బా మూత తీయగానే తెల్లటి పొగ అతని మోకాళ్ళ మీదుగా జారి, చెప్పులు దాటి గచ్చు మీద పాకింది. మూలకణాల సంచుల్ని గడ్డకట్టిన చలిలో కాపాడటం, నైట్రోజన్ తగ్గితే పోయడం, అడిగిన సంచి తీసివ్వడం: ఆస్పత్రి కింది గదిలో ఇరవై రెండేళ్ళుగా అతని పని ఇదే. ఏనాడూ బీడీ ముట్టనివాడికి ‘పొగ మావయ్య’ అని పేరు పడింది.

“ఇందులో ఒకసారి ఈగ పడిందమ్మా. ఏడాదికి తీస్తే తుమ్మి ఎగిరిపోయింది,” అన్నాడు చీటీ తెచ్చిన నర్సుతో.

నర్సు నవ్వలేదు. చీటీ మీద ఉన్నది పై వార్డులో చేరిన అతని భార్య నంబరు.

మొన్న పొద్దున బట్టలు ఆరేస్తూ కూలిపోయిందామె. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, నోరు వంకరపోయి మాట ఆగింది. చచ్చిన మెదడును ఈ కణాలు లేపవనీ, దాని చుట్టూ కొనవూపిరితో ఉన్నదానికి కాపలా కాస్తాయేమో చూస్తున్నామనీ డాక్టరు చెప్పాడు. సగం మందికి కణాలు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. సంచులన్నిటికీ ఒకే నల్ల తొడుగు. ఎవరికేది పడిందో ఎవరికీ తెలియదు.

పొగ మావయ్యకు మాత్రం ఓ కిటుకు తెలుసు. కణాలు చలికి పగలకుండా కలిపే మందు ఒంట్లోకి పోతే ఊపిరి వెల్లుల్లి వాసన కొడుతుంది.

మధ్యాహ్నం సంచి ఎక్కించాక పైకెళ్ళి, ఆమె నోటి దగ్గర ముక్కు పెట్టాడు.

“ఏంటి మావయ్యా, వార్డులో ముద్దులా!” అంది నర్సు.

“ముద్దు కాదమ్మా, వెల్లుల్లి! ఘాటుగా ఉంది!”

నర్సు అతన్ని పక్కకు పిలిచింది. “నీలాంటి ముక్కులున్నాయనే, ఈసారి ఉప్పునీళ్ళలోనూ ఆ మందు కలిపారు మావయ్యా.”

అతను తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

“ఏమే, నీకు అసలుదే పడింది. నా ముక్కు అబద్ధమాడదు.”

నలభై ఏళ్ళ కాపురంలో ఆ ముక్కు సంగతి ఆమెకు తెలియనిదా! కుడి పెదవి కొస కొంచెం లేచింది. మాట రానివాళ్ళకని వార్డులో ఇచ్చే పలకను పొట్ట మీద ఆనించుకుని, కుడిచేత్తో బలపం పట్టి మెల్లగా రాసింది.

“ఇంకోటి చెప్ప...” చదివాడు. “కొమ్ము పెట్టవే బద్ధకమా! సరే విను. మా ఊళ్ళో ఓ గేదెకి పక్షవాతం వచ్చింది. మూడు కాళ్ళే పనిచేస్తున్నాయి. అయినా పరుగు పందెంలో...”

గేదె గెలిచేసరికి తలెత్తాడు. ఆమె ముఖం కిటికీ వైపు తిరిగి ఉంది. దుప్పటి కదలడం లేదు. మెదడు వాచిందన్నాడు డాక్టరు, వచ్చి చూసి.

పక్కలు సర్దే ఆయా దుప్పటి మడిచి, పలకను బల్ల మీద పెట్టి వెళ్ళింది. చివరి ‘ప్ప’ పక్కన కొమ్ముకు చోటుంది; బలపం అక్కడ ఒక చుక్క పెట్టి ఆగింది.