ఓదెలు చేతుల మీదే నా కన్ను

నేను ఒక పొట్టి మోటారు సైకిలును. పొట్టి అన్నాను కదా అని పిల్లల ఆటబండి అనుకునేరు. నూరు సీసీ ఇంజనుంది, గేర్లున్నాయి. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, వెనక చక్రం ఒక్కదాని మీదే బండి నడపడాన్ని వీలీ అంటారు. అది నేర్చుకునేవాళ్ల కోసం నన్ను తయారు చేశారు. పెద్ద బండి మీంచి పడితే బండి కూడా వచ్చి మీద పడుతుంది. నా మీంచి పడితే నేల దగ్గరే కాబట్టి దెబ్బ తక్కువ తగులుతుంది. తక్కువ అన్నాను, తగలదని అనలేదు.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఎవర్నీ నమ్మను. నా పుట్టుకే అలాంటిది. ఇంజను ఒక దొంగబండిది, పోలీసు స్టేషను వెనక ఏళ్ల తరబడి ఎండి వేలానికి వచ్చింది. చట్రం యాక్సిడెంటు అయిన బండిది, మధ్యలో కోసి కురచ చేసి అతికారు. చక్రాలు ఏదో స్కూటరువి. ఇన్ని ముక్కలు కలిసిన నా ఒంటినే నేను పూర్తిగా నమ్మను, మనుషుల్ని ఏం నమ్మమంటారు?

నన్ను అతికినవాడు ఖలీల్ భాయ్. కరీంనగర్ వైపు ఒక పత్తి మార్కెట్టు ఊళ్లో అతనికి మెకానిక్ షెడ్డుంది. నాలో కొత్తది అంటూ అతను పెట్టింది వెనక బ్రేకు ఒక్కటే. వెనక చక్రం పక్కన పళ్లెంలా తిరిగే ఇనపబిళ్ల ఉంటుంది, దాన్ని డిస్కు అంటారు. కుడికాలితో తొక్కితే రెండు ప్యాడ్లు ఆ బిళ్లను గట్టిగా పట్టుకుంటాయి. ముందు చక్రం మరీ పైకి లేచి బండి వెనక్కి తిరగబడబోతోందంటే ఆ బ్రేకు కాస్త తొక్కాలి, ముందు చక్రం దానంతట అదే కిందికి దిగుతుంది. నేర్చుకునేవాళ్ల ప్రాణమంతా ఆ కుడిపాదం కింద ఉంటుంది.

నన్ను మొదట కొన్నది ప్రణయ్ అనే డిగ్రీ కుర్రాడు. నేర్చుకోవడం కంటే వీడియో తీయించుకోవడం మీదే అతనికి మోజు. నా మీద కూర్చుని జుట్టు దువ్వుకునేవాడు. వీడు నన్ను వదిలేస్తాడని మొదటిరోజే అనుమానపడ్డాను. మూడోరోజు నడుం మీద పడ్డాడు, నాలుగోరోజు నన్ను ఖలీల్ షెడ్డులో దించేసి పోయాడు. నా అనుమానం నిజమైనందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

తర్వాత కోమల వచ్చింది. ఇరవై ఏడేళ్ల మనిషి. పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో రెండు సీజన్లు చేసింది. మిల్లు దుమ్ముకు దగ్గు పట్టుకుంది, మాట మధ్యలో ఆగి దగ్గేది. తండ్రి మోపెడ్డు బాగుచేయించడానికి షెడ్డుకొచ్చి, మూలన పరదా కింద ఉన్న నన్ను చూసి, "ఇదేం బండి భాయ్?" అని అడిగింది. ఖలీల్ చెప్పాడు. ఎగ్జిబిషన్లలో బైకు విన్యాసాలు చేసే ఆడవాళ్ల జట్టు ఒకటుందనీ, వాళ్ల బళ్లు తనే బాగుచేస్తాడనీ, దసరా తర్వాత జట్టు పెద్ద సులోచన మేడం కొత్తగా ఒకరిని తీసుకోవడానికి వస్తుందనీ కూడా చెప్పాడు. కోమల పరదా మొత్తం తీసి నన్ను చాలాసేపు చూసింది. వచ్చే సీజన్ నుంచి మళ్లీ మిల్లుకు పోకుండా ఉండే దారి ఆమెకు ఆ రోజు నాలో కనిపించింది. నాకు మాత్రం ఆమె మీద ఏ నమ్మకమూ కలగలేదు.

పత్తి లేని కాలంలో మార్కెట్టు యార్డు ఖాళీగా ఉంటుంది. అంత పొడుగు సిమెంటు నేల ఊళ్లో ఇంకెక్కడా లేదు. కోమల తండ్రి ఓదెలు ఆ యార్డులో కాంటా మనిషి, ముప్పయ్యేళ్లుగా బస్తాలు తూచినవాడు. అతని మాట మీద ఆదివారం ఆదివారం మమ్మల్ని లోపలికి రానిచ్చారు.

నేర్పడానికి ఒప్పుకున్న ఖలీల్ మొదటి నెలంతా ఆమెకు లేపడం నేర్పనేలేదు.

"ఎవడైనా లేపుతడమ్మా. దించుడు రావాలె. జానెడు లేపు, బ్రేకు తొక్కు, దించు," అనేవాడు.

జానెడు లేపడం, దించడం, మళ్లీ లేపడం. రోజుకు వందసార్లు. తొక్కినప్పుడల్లా "బ్రేకు!" అని గట్టిగా అరవాలి. యార్డు రేకుల మీద పావురాలు ఆ కేకకు అలవాటుపడి ఎగరడం మానేశాయి. ఇంకో నియమం కూడా పెట్టాడు. బండెక్కగానే పది గజాలు మెల్లగా నడిపి, ఒకసారి బ్రేకు తొక్కి చూసుకున్నాకే ముందు చక్రం లేపాలి. కోమల ఏ ఒక్కరోజూ తప్పలేదు. నాలుగో నెలకు నా ముందు చక్రం ఆమె ఛాతీ ఎత్తు దాకా లేచి నిలబడేది. ఆమె మీద అనుమానం అప్పటికి సగం తగ్గింది.

ఆ తగ్గిన సగం ఓదెలు మీదికి మళ్లింది.

ఆ మనిషి కూతురితో వద్దనీ అనడు, మంచిదనీ అనడు. కాంటా గది అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ నన్నే చూసేవాడు. కోమల, ఖలీల్ టీకి బయటికి పోగానే లేచి నా దగ్గరికి వచ్చేవాడు. నాకు వెనక కళ్లు లేవు కదా, ఏం చేసేవాడో కనిపించేది కాదు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని గోళ్లతో దేన్నో గీకేవాడు, లాగేవాడు. వాళ్లు తిరిగొచ్చే అలికిడి కాగానే ఏదో జేబులో వేసుకుని అరుగెక్కేవాడు. దొంగబండి ఇంజను నాది, ఇలాంటి చేతులు నాకు కొత్త కాదు.

ఒకరోజు ఖలీల్‌ని చాటుగా అడిగాడు.

"భాయ్, ఈ బండి ఖరాబైతే నా బిడ్డ ఇంటికాడ కూసుంటది గదా?"

ఖలీల్ నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. ఆ రోజు నుంచి ఓదెలు చేతుల మీద కన్నేసి ఉంచాను. ఏ నట్టు విప్పుతాడో, ఏ తీగ కోస్తాడో అని ప్రతి ఆదివారం కాపలా కాశాను.

దసరా వచ్చింది. సులోచన మేడం నాలుగు రోజుల్లో వస్తుంది. ఆ తర్వాత పదిహేను రోజులకే యార్డులోకి పత్తి దిగుతుంది, మిల్లు మొదలవుతుంది. కోమలకు ఉన్న అవకాశం అదొక్కటే.

ఆయుధపూజ పొద్దున ఓదెలు నన్ను యార్డులోకి తీసుకెళ్లి తన పాత కాంటా పక్కన నిలబెట్టాడు. రెండింటినీ కడిగాడు. రెండింటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టాడు. నన్ను తుడుస్తున్నంతసేపూ నేను బిగుసుకునే ఉన్నాను. ఆ చేతులు నా ఒంటి మీద అంత మెత్తగా తిరగడం నాకు మరీ అనుమానంగా తోచింది.

సాయంత్రం కోమల వచ్చింది, వెంట ఖలీల్ కూడా. ఓదెలు నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

"నిమ్మకాయలు తొక్కినంక ఆగొద్దు బిడ్డా. మల్ల ఎన్కకు సూడకుంట సక్కగ పోవాలె," అన్నాడు.

ఆ ఊళ్లో అందరూ పాటించేదే అది. లారీవాళ్లు కూడా పూజయ్యాక ఊరి పొలిమేర దాకా బ్రేకు ముట్టరు. కోమల తండ్రి మాట తీసేయలేదు. నిమ్మకాయలు చితికాయి. మొదటిసారిగా పది గజాల దగ్గర బ్రేకు తొక్కి చూసుకోలేదు. సూటిగా పోతూ క్లచ్చు వదిలి, యాక్సిలరేటరు తిప్పి నన్ను లేపింది.

పండగ హుషారులో కాస్త ఎక్కువే తిప్పింది. నా ముందు చక్రం ఆమె తల దాటి లేచింది. "బ్రేకు!" అని అరిచి కుడికాలు తొక్కింది. ప్యాడ్లు బిళ్లను పట్టుకోబోయి జారిపోయాయి. ఇంకా గట్టిగా తొక్కింది. మళ్లీ జారాయి. ఇద్దరం వెనక్కి తిరగబడ్డాం. ఆమె హెల్మెట్టు సిమెంటు నేలకు కొట్టుకున్న చప్పుడు నాకు ఈరోజుకీ వినబడుతుంది.

ఖలీల్ పరుగెత్తుకొచ్చి ఆమెను లేపి కూర్చోబెట్టాడు. మోచేయి చెక్కుకుపోయింది, ఎముక విరగలేదు. తర్వాత నా వెనక బిళ్ల మీద వేలు రాసి వాసన చూశాడు.

"కొబ్బరినూనె," అన్నాడు.

కోమల తండ్రి వైపు తిరిగింది. ఓదెలు అప్పుడే ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డాడు.

"బాపూ, నువ్వే రాసినవా?"

"నేనే రాసిన బిడ్డా."

నేను చెప్పానా! ఇన్నాళ్ల కాపలా ఊరికే పోలేదనుకున్నాను.

"వద్దనుకుంటే నోటితోని చెప్పొద్దా? గిట్ల చంపి ఆపుతవా నన్ను?" అంటూ కోమల ఏడ్చేసింది.

ఓదెలు ముఖం పాలిపోయింది.

"కాంటాకు రాసినట్టే రాసిన బిడ్డా. ముప్పయ్యేండ్ల సంది దసరాకు దాని ఇనుమంతటికి నూనె రాస్తున్న, ఎన్నడు తప్పు సూపియ్యలేదది. నీ బండికి ఆ బిళ్ల ఒక్కటే తుప్పు పట్టినట్టు కనవడ్డది. పండుగపూట తుప్పుతోని ఎట్లుంచుత? అందుకే దానికి ఇంకింత ఎక్కువ రాసిన."

"మరి ఆదివారం ఆదివారం ఎన్క చక్రం కాడ ఏం జేస్తుంటివి? నేను సూడలేదనుకున్నవా?"

అంటే ఆమె కూడా నాలాగే కనిపెడుతూ ఉందన్నమాట. ఓదెలు కాంటా గదిలోకి వెళ్లి ఒక సంచి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. దాని నిండా గ్రీజు అంటిన పత్తి పోగులు.

"పోయిన సీజన్ పోగులు నేలంత ఉంటయి. నీ చైనుకు సుట్టుకుంటుండె. కాంటా ఇరుసుల పోగు వడ్తేనే అది అడ్డం తిరుగుతది, నా బిడ్డ గూసున్న బండి ఎట్ల తిరుగుతదోనని తీసేటోన్ని. చెప్తే నవ్వుతవని చెప్పలే."

"ఖరాబైతే ఇంటికాడ కూసుంటది గదా అని నన్నడిగినవు గదా ఓదెలన్నా?" అన్నాడు ఖలీల్.

"అడిగిన. భయమైతది గదా, అడగనా?"

ఆ క్షణాన నాకు సిగ్గేసింది. నాలుగు నెలలపాటు నా చైను అంత సాఫీగా తిరిగిందంటే అది నా గొప్పేననుకున్నాను.

మర్నాడు ఖలీల్ బిళ్లను పెట్రోలుతో కడిగి కొత్త ప్యాడ్లు వేశాడు. ఓదెలుకు అది చాల్లేదు. కాంటాను రోజూ పొద్దున్నే ముద్రవేసిన తూకపురాళ్లతో సరిచూసే మనిషి కదా, ఖలీల్ చేత చక్రం తిప్పిస్తూ తను చేత్తో బ్రేకు నొక్కాడు. ఆగింది. మళ్లీ తిప్పమన్నాడు. ఖలీల్ చేతులు నొప్పెట్టేదాకా తిప్పిస్తూనే ఉన్నాడు.

నేను బాగయ్యాను కానీ కోమల బాగవలేదు. దసరా సెలవులని యార్డులోకి రోజూ రానిచ్చినా, తర్వాతి మూడు రోజులూ నా ముందు చక్రం మోకాలెత్తు దాటలేదు. లేస్తుండగానే యాక్సిలరేటరు వదిలేసేది. మనుషుల మీద నాకుండే అనుమానం ఇప్పుడు నా మీద ఆమెకొచ్చింది. అది ఎంత బరువుగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం సులోచన మేడం యార్డుకు వచ్చింది. యార్డులో పత్తి దించే మొదటి షెడ్డు నుంచి నాలుగో షెడ్డు దాకా ఒక్క చక్రం మీద పోయి, కాలు నేలకు తాకకుండా దించాలి. మూడు అవకాశాలు.

మొదటిసారి రెండో షెడ్డు దగ్గరే దించేసింది. రెండోసారి అంతకంటే ముందే. సులోచన మేడం చేతి గడియారం చూసుకుంది. కోమల నా మీద కూర్చుని దగ్గుతోంది, హ్యాండిలు మీద ఆమె చేతులు చల్లగా ఉన్నాయి.

అప్పుడు ఓదెలు వచ్చాడు. ఉతికిన తెల్లగుడ్డ తీసి నా వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. బిళ్లంతా ఒకసారి తుడిచి, ఆ గుడ్డ విప్పి కూతురి ముందు పట్టుకున్నాడు. దాని మీద నూనె మరక లేదు.

"సూసుకో బిడ్డా," అన్నాడు. గుడ్డ పట్టుకున్న చేతుల గోళ్ల సందుల్లో నా చైను గ్రీజు నల్లగా ఇంకిపోయి ఉంది.

కోమల గుడ్డను చూసింది, ఆ చేతుల్ని చూసింది. పది గజాలు మెల్లగా నడిపి బ్రేకు తొక్కి చూసుకుంది. తర్వాత నన్ను లేపింది. రెండో షెడ్డు దాటాం, మూడోది దాటాం. నాలుగో దాని ముందు నేను మరీ పైకి లేచాను, దసరానాడు లేచినంత ఎత్తుకు. యాక్సిలరేటరు వదల్లేదామె. "బ్రేకు!" అన్న కేక యార్డంతా వినబడింది. ఆమె పాదం దిగింది, నేను గట్టిగా పట్టుకున్నాను, ముందు చక్రం బస్తా దించినంత మెల్లగా నేలకు దిగింది.

"బట్టలు సర్దుకో. రేపే బయల్దేరాలె," అంది సులోచన మేడం.

జట్టులో పెద్ద బళ్లున్నాయి, పొట్టిదాన్ని నాతో అక్కడేం పని? నన్ను కాంటా గదిలో ఉంచారు. యార్డుకు కరెంటు కాంటాలొచ్చాక పాత కాంటా కూడా నా పక్కకే చేరింది. నాలో పెట్రోలు లేదు, టైర్లలో గాలి లేదు, నన్ను ఎక్కేవాళ్లు ఎవరూ లేరు. కోమల ఎప్పుడైనా వస్తే సీటు మీద తట్టి పోతుంది. ఇప్పుడు దగ్గడం లేదు.

ఏటా దసరాకు ఓదెలు మా ఇద్దరినీ కడుగుతాడు. నేను నమ్మకం లేనిదాన్నే, మారలేదు, ఇప్పటికీ అతని చేతులనే చూస్తూ ఉంటాను. ముందు వెనక చక్రం దగ్గర కూర్చుంటాడు. తెల్లగుడ్డ తీసి ఆ బిళ్ల చుట్టూ ఎక్కడా సందు లేకుండా చుట్టి ముడేస్తాడు. ముడి బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంటాడు. ఆ తర్వాతే నూనెసీసా మూత తీస్తాడు.