ఫ్లాస్కులో చారు

"ఈ రెండు వారాల్లో నొప్పి మాత్ర ఏదైనా వేసుకున్నారా?" డాక్టర్ వెబర్ ఇంగ్లీషులో అడిగింది.

"ఒక్కటి కూడా లేదు," అన్నాడు విశ్వతేజ గర్వంగా.

పక్కనే ఉన్న అతని భార్య సంయుక్త ఒళ్లోని ఫ్లాస్కును గట్టిగా పట్టుకుంది.

మూడేళ్ల కిందట స్టుట్‌గార్ట్ దగ్గర కారు ప్రమాదంలో అతని వెన్నులో నరం నలిగింది. అప్పట్నుంచి నొప్పి. నొప్పిని మరిచిపోవడానికి సిగరెట్లు. నాలుగేళ్ల కూతురు స్నిగ్ధ దగ్గరికి రాదు. "పాపా స్టింక్ట్", నాన్న కంపు, అని జర్మన్‌లో అంటూ ముక్కు మూసుకుంటుంది. నొప్పినీ సిగరెట్టునీ కూడా వదిలించవచ్చంటున్న పుట్టగొడుగుల మందు ప్రయోగంలో అపాయింట్‌మెంట్ కోసం ఎనిమిది నెలలు ఆగాడు. షరతు ఒక్కటే. పద్నాలుగు రోజులు తను రోజూ వేసుకునే నొప్పి మాత్ర ట్రమడాల్ ముట్టకూడదు.

మూడో రోజే బాత్రూమ్ నేల మీద పడి ఏడ్చాడు. సంయుక్త చూడలేకపోయింది. షరతు ఏదో పరిశోధన కోసం పెట్టిందే అనుకుంది. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న అవే మాత్రలు పొడి చేసి మిరియాల చారులో కలిపింది. ఘాటుకి చేదు తెలియలేదు.

"చూశావా సంయూ, మాత్ర లేకుండా నిలబడ్డా. ఇక సిగరెట్టెంత!" అని మురిసిపోయాడతను. ఆ తర్వాత ఆమెకు నిజం చెప్పే ధైర్యం రాలేదు. ఈరోజు చాలాసేపు పడుకోవాలట కదా అని, పొద్దున ఫ్లాస్కులోని చారులో ఒకేసారి నాలుగు కలిపి తాగించింది.

విశ్వతేజ మందు మింగాడు. "సాయంత్రం స్నిగ్ధను భుజాలెక్కించుకుంటా, చూడు," అని నవ్వి కళ్లకు వాళ్లిచ్చిన గంతలు కట్టుకున్నాడు.

బయట వరండాలో ఊసుపోక సంయుక్త ఆ మందు గురించి ఇచ్చిన జర్మన్ కాగితం మీద ఫోన్ కెమెరా పెట్టింది. తెరమీద అనువాదం వచ్చింది. ట్రమడాల్‌తో కలిస్తే మూర్ఛ. ప్రాణాపాయం.

తలుపు బాదింది. డాక్టర్ బయటికొచ్చింది.

"ట్రమడాల్ నేనిచ్చాను... అతనికి తెలియకుండా," అంది సంయుక్త ఇంగ్లీషులో.

"ఎన్ని?"

నాలుగనడానికి సిగ్గేసింది. "ఒకటి."

"తక్కువే. అయినా దగ్గరే ఉండి చూస్తాను." తలుపు మూసుకుంది.

పది నిమిషాలకు లోపల ఇనుప స్టాండు కూలిన చప్పుడు. సంయుక్త తోసుకుని వెళ్లింది. విశ్వతేజ ఒళ్లు విల్లులా వంగి మంచానికేసి కొట్టుకుంటోంది. నోటి చివర నురగ.

"నాలుగు! ఒకటి కాదు, నాలుగిచ్చాను!"

"ఏమంటున్నారు? ఇంగ్లీషులో చెప్పండి!" డాక్టర్ అరిచింది.

సంయుక్తకు ఒక్క ఇంగ్లీషు ముక్క గుర్తు రాలేదు. "నాలుగు, నాలుగు," అంటూనే ఉంది. ఆ గదిలో ఆ మాట అర్థమయ్యే మనిషి ఒక్కడే. అతను ఊపిరి తీసుకోవడం ఆపేశాడు.